ముందు సీటు

భీమవరం దాటి ఉప్పుటేరు వైపు పోయే పుంత బాటలో కొంతదూరం వెళ్ళాక ఎడమచేతి పక్క ఒక మెరక వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని విమానాల బీడు అంటారు. ఈ కథ జరిగిన తొంభైల నాటికే అక్కడ విమానమూ లేదు, బీడూ లేదు. గీత గీసినట్టు తిన్నగా, ఒకదాని వెనక ఒకటిగా రొయ్యల చెరువులు. వాటికి అటూ ఇటూ పొడవాటి గట్లు. కాలువ వైపు కొసన తుప్పు పట్టిన రేకుల షెడ్డు. పేరు మాత్రం పోలేదు. మనిషి పోయినా పేరు ఊరొదలదు కదా.

గట్టు మీద రెండు గదుల డాబాలో ఇద్దరే మనుషులుండేవారు. ఆ చెరువులు చేసే త్రినాథరాజు, ఆయన అక్కయ్య బుల్లెమ్మ. త్రినాథరాజుకి యాభై దాటాయి. పెళ్ళి కాలేదు. సంబంధాలు చూసే రోజుల్లో మాట్లాడటానికి సిగ్గు, ఆ సిగ్గు పోయేసరికి సంబంధాలే పోయాయి. బుల్లెమ్మకి చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తల్లి కూడా పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే.

ఆవిడ నోరు ఊరుకోదు. గట్టు మీద సైకిలు బెల్లు వినపడితే చాలు, ఎవరో ఏంటో చూడకుండానే "రండి బాబూ, కూర్చోండి, మజ్జిగ పుచ్చుకుని వెళ్దురుగాని" అని కేకేసేది. మేత బస్తాల లారీ డ్రైవరైనా, ఐసు బండివాడైనా, దారి తప్పిన వాడైనా ఒకటే. పిలిస్తే పలక్కుండా ఉండటం, పలికాక కూర్చోబెట్టకుండా పంపడం ఆవిడకి చేతకాదు. తమ్ముడు అందుకు పూర్తిగా విరుద్ధం. పది మాటలకి ఒక "ఊఁ". సాయంత్రం మేత చల్లడం అయ్యాక ప్లాస్టిక్ వైరు అల్లిన రెండు కుర్చీలు గట్టు మీద వేసుకునేవారు. ఆవిడ చెబుతూ ఉండేది, ఈయన ఊఁ కొడుతూ ఉండేవాడు. ఆ ఊఁ కొట్టే మనిషికి లోపల ఒకటే దిగులు. ఈ రెండో కుర్చీ ఖాళీ అయిన రోజున నా గతేంటి? ఆవిడ రెండుసార్లు దగ్గితే ఆ రాత్రి ఈయనకి కంటి మీద కునుకుండేది కాదు.

ఇంత మాటకారికి ఒక్క నియమం మాత్రం ఉండేది. దీపాలు పెట్టాక, మనిషి కనపడకుండా పిలుపు వినపడితే, మూడోసారి పిలిచేదాకా పలికేది కాదు.

"గాలీ ధూళీ అయితే రెండుసార్లకి మించి పిలవలేవురా అబ్బాయ్. మూడోసారి కూడా పిలిచాడంటే మనిషే," అనేది. వాళ్ళమ్మ చెప్పిందిట. ఆవిడకి వాళ్ళమ్మ.

బుల్లెమ్మకి అన్నిటికంటే ఇష్టమైన కబురు అప్పాజీ తాతగారిది. వాళ్ళ తాతగారికి తమ్ముడు. ప్లీడరీ చదవమని ఇంగ్లండు పంపిస్తే ఆయన విమానం నడపడం నేర్చుకుని వచ్చారు. అక్కడి పల్లెటూళ్ళలో గడ్డిబీళ్ళుండేవిట. ఆదివారం పూట గొర్రెల్ని పక్కకి తోలేసి, నలుగురు కుర్రాళ్ళు కలిసి కొనుక్కున్న చిన్న విమానాన్ని షెడ్డులోంచి బయటికి తోసేవారు. వంతులవారీగా ఎగరడం, దిగాక పచ్చిక మీద కుర్చీలు వేసుకుని టీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడం. క్లబ్బంటే అంతే. తాతగారికి ఎగరడం కంటే ఆ కబుర్లే రుచించి ఉంటాయని బుల్లెమ్మ అభిప్రాయం.

ఆయన తిరిగొచ్చి ఇక్కడా అలాంటి క్లబ్బే పెట్టారు. పడవల మీద కంకర తెప్పించి ఈ నేల మెరక చేయించారు. పాత విమానం ఒకటి పెట్టెల్లో కాకినాడ రేవుకి వచ్చి, అక్కడి నుంచి కాలువ పడవల్లో ఇక్కడికి చేరింది. పైన కప్పు లేదు, రెండే సీట్లు. నడిపేవారు వెనక, తోడు వచ్చేవారు ముందు. ఇంజన్లో ఆముదం పోసేవారుట. అది ఊరి మీదుగా పోతే ఇంటింటా ఆముదం మాడిన వాసనే. స్నేహితులు ఇద్దరు క్లబ్బులో చేరారు. ఒకాయన కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండో ఆయన చేత వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుంది. చివరికి తాతగారొక్కరే మిగిలారు.

ముందు సీటు ఖాళీగా ఉంటే ఆ విమానం సరిగ్గా లేవదు. అక్కడ మనిషంత బరువు ఉండి తీరాలి. అందుకని కాన్వాసు గుడ్డతో మూట కుట్టించి, గోదావరి ఇసుక నింపి, దాన్ని సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించేవారు. పోనుపోను దానికి ఒక తోలు టోపీ కూడా పెట్టారు. కింద నుంచి చూసేవాళ్ళకి ఇద్దరు వెళ్తున్నట్టు కనపడాలని కాబోలు. ఇంజను హోరులో మాట వినపడాలంటే ఒక సీటు నుంచి ఇంకో సీటుకి రబ్బరు గొట్టం ఉండేది. ఆ గొట్టంలో తాతగారు మూటతో కబుర్లు చెబుతున్నారని పనివాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు.

పుష్యమాసంలో ఒక సాయంత్రం వెళ్ళిన మనిషి చీకటి పడ్డా రాలేదు. మంచు కమ్మేసింది. బీడుకి రెండు పక్కలా వరసగా లాంతర్లు పెట్టారు. కొసన ఎర్రగాజు లాంతరు, ఇక్కడితో నేల అయిపోయిందని గుర్తు. నెత్తి మీద చాలాసేపు ఇంజను మోత తిరిగింది. దిగలేదు. లాంతర్లలో నూనె అయిపోయింది. మోత సముద్రం వైపు పోయింది. మనిషీ లేడు, విమానమూ లేదు. మర్నాడు పొద్దున షెడ్డు తీస్తే, టోపీ పెట్టుకున్న మూట బెంచీ మీద కూర్చుని ఉంది. ముందురోజు దాన్ని తన చేతుల్తో సీట్లో బిగించిన పనివాడే అది చూసి కెవ్వుమన్నాడు.

"ఒక్కరూ ఎలా ఉంటున్నారో పాపం," అని ముగించేది బుల్లెమ్మ ప్రతిసారీ, పొరుగూళ్ళో ఉన్న చుట్టం గురించి చెప్పినట్టు.

"ఊఁ," అనేవాడు త్రినాథరాజు.

ఆ మూట అప్పటికీ షెడ్డులో బెంచీ మీదే ఉండేది. టోపీ ఎలకలు కొట్టేశాయి. నెలకొకసారి బుల్లెమ్మ వెళ్ళి దుమ్ము దులిపి వచ్చేది. దానితో కూడా ఏవో నాలుగు మాటలు మాట్లాడేదని త్రినాథరాజుకి అనుమానం.

ఆ ఏడు పుష్యమాసంలో కాలువ పక్క చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలింది. రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలిపోతున్నాయి. ఇలాంటప్పుడు ఆ గట్టున ఎర్రగుడ్డ కట్టాలి. ఈ నీళ్ళలో తెగులుంది, కాలువలో కలిస్తే ఎవరూ తోడుకోకండి అని కింది రైతులకి చెప్పడం అది. చేయనివాణ్ణి ఊరు క్షమించదు. త్రినాథరాజు తెగులు చూసిన పూటే కట్టేశాడు.

ఆ వేళ మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందిట, రేపటిదాకా రాదన్నారు. జనరేటరేమో బాగుకి భీమవరం వెళ్ళింది. చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయి, ఎప్పుడూ ఉండే చప్పుడు లేక గట్లన్నీ బోసిపోయాయి. పొద్దు వాలుతుండగా పక్క చెరువులకి కాపలా ఉండే సత్తియ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"రాజుగారండీ! గండండీ! తెగులు చెరువు తూము పక్కన గట్టు కోసేస్తోందండీ!"

ఎండ్రకాయలు తొలిచిన బొరియ పెద్దదై నీళ్ళు కాలువలోకి దూకుతున్నాయి. తాటి దుంగలు అడ్డం వేశారు. మేత సంచుల్లో మట్టి నింపి పడేశారు. నీటి ఉరవడికి అవి ఆకుల్లా కొట్టుకుపోయాయి. బరువైనది ఒక్కటి కావాలి. త్రినాథరాజు చూపు షెడ్డు మీద పడింది.

బుల్లెమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని అడ్డం వచ్చింది. "ఒరే, అది తాతగారి మూట. దాని జోలికి పోకు."

"ఇసుకే కదక్కయ్యా అది. తెగులు ఊరు ఊరంతటికీ పాకబోతోంటే ఇసుకకి వరసలు కలుపుతావేంటి?"

"ఆయన వచ్చి అడిగితే ఏం చెప్తావు?"

"వస్తే కొత్త మూట కుట్టించి ఇస్తాలే," అన్నాడు. జీవితంలో ఆయన వేసిన హాస్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది వేయకుండా ఉండవలసింది.

సత్తియ్యా ఆయనా చెరో పక్కా పట్టుకుని మోశారు. మూట నడుం దగ్గర మడతపడి ఉంది, చాలాకాలం కూర్చున్నవాళ్ళు అలాగే లేచి వచ్చినట్టు. గండిలో పడగానే నీళ్ళు ఆగిపోయాయి. పుట్టి మునగలేదని త్రినాథరాజు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పటికే మంచు దిగుతోంది. కరెంటు లేని రాత్రి నీటికుక్కలు చెరువుల్లో పడి రొయ్యల్ని తినేస్తాయి. వాటికి వెలుగంటే భయం. అందుకని ఇంట్లో ఉన్న లాంతర్లూ, సత్తియ్య దగ్గరివీ తెచ్చి రెండు గట్ల మీదా వరసగా పెట్టారు. చీకట్లో ఎర్రగుడ్డ ఎవరికీ కనపడదు కనుక కాలువ కొసన ఎర్రగాజు లాంతరు పెట్టమన్నాడు త్రినాథరాజు. సత్తియ్య అలాగే పెట్టి, "వస్తానండి, మా ఇంటిది ఎదురుచూస్తా ఉంటాది. ఆయ్," అని సైకిలెక్కి మంచులో కలిసిపోయాడు.

రెండు వరసల లాంతర్లు. కొసన ఎరుపు. ఆ వెలుగుల్ని చూస్తూ బుల్లెమ్మ కుర్చీలో కూర్చుంది. శాలువా తల మీదుగా కప్పుకుంది. ఎందుకో ఆ సాయంత్రం ఆవిడకి కబుర్లు రాలేదు.

"ఏంటక్కయ్యా, ఊరుకున్నావు?" అని త్రినాథరాజే అడగవలసి వచ్చింది.

"ఏం లేదురా. బాగున్నాయి దీపాలు. ఎవరికోసమో పెట్టినట్టున్నాయి."

మంచు చెరువుల మీంచి పొగలా లేస్తోంది. దూరపు లాంతర్లు మసకబారి మెతుకులంత అయ్యాయి. కప్పలు అరవడం లేదు. నీళ్ళలో చప్పుడు లేదు. పచ్చి బురద వాసన, దాని మీద కిరసనాయిలు వాసన.

అంతలో ఎక్కడో ఏరియేటరు తిరుగుతున్న మోత. తెడ్లు నీళ్ళని కొడుతున్నట్టు, డబడబ డబడబ... త్రినాథరాజు హమ్మయ్య అనుకున్నాడు. కరెంటు వచ్చింది. డాబా వైపు తిరిగి చూశాడు. గుమ్మంలో బల్బు వెలగడం లేదు.

మోత చెరువులోంచి కాదు. పైనుంచి.

మంచులో ఒక చుట్టు తిరిగింది. దూరమైంది. మళ్ళీ దగ్గరైంది. ఈసారి కిందుగా. కిరసనాయిలు వాసన పోయి ఇంకో వాసన వచ్చింది. చిన్నప్పుడు అక్కయ్య తలకి రాయడానికి గరిటెలో కాచి మాడ్చేసినప్పటి వాసన...

ఆముదం.

కొసన ఎర్ర లాంతరు మంట ఒక్కసారి వంగింది. తర్వాత దాని ఇవతలి లాంతర్లు, రెండు గట్ల మీదా, జతజతగా. ఒక జత తర్వాత ఒక జత... వాళ్ళ వైపు వంగుతూ వస్తున్నాయి. గాలి లేదు. చెరువుల్లో రొయ్యలన్నీ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. నీళ్ళ నడిమధ్యగా తిన్నటి గాడి ఒకటి పడి, వాళ్ళ గట్టు ముందుకి వచ్చి ఆగింది. మోత తగ్గింది. దగ్గినట్టు రెండుసార్లు అని, ఆగిపోయింది.

త్రినాథరాజు అక్కయ్య మణికట్టు పట్టుకున్నాడు.

కంకర మీద బూట్ల చప్పుడు. కరకర... కరకర... తాతగారు పోయించిన కంకర ఎప్పుడో చెరువుల అడుక్కి పోయింది. దాని మీద నిలువెత్తు నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ కింద ఎవరో నడుస్తున్నారు. షెడ్డు వైపు వెళ్ళారు. రేకుల తలుపు కిర్రుమంది. చాలాసేపు ఏమీ లేదు. బెంచీ దగ్గర నిలబడి చూస్తున్నారు కాబోలు.

షెడ్డులో మోటారు నుంచి డాబా దాకా నీళ్ళకోసం వేసిన ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. దాని నోరు కుర్చీల పక్కనే. ఆ గొట్టంలోంచి గొంతు వచ్చింది. మెల్లగా, ఎంతో మర్యాదగా.

"ఉన్నారా అండీ...?"

"పలక్కు," అన్నాడు త్రినాథరాజు. మాట కాదు, ఊపిరి.

బుల్లెమ్మ తల ఊపింది.

"ఎవరైనా ఉన్నారా అండీ...?"

ఆవిడ రెండో చేత్తో నోరు మూసుకుంది. లాంతరు వెలుగులో కళ్ళు పెద్దవై ఉన్నాయి. రెండయ్యాయి. ఇంక పిలవలేడు. త్రినాథరాజు దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాడు. మంచు ముఖానికి తడిగా తగులుతోంది... గొట్టంలో ఎవరో ఊపిరి తీసిన చప్పుడు...

"ఒక్కణ్ణే అండీ. ఉంటే పలకండి... చాలాకాలమైందండి..."

మూడోసారి.

నోటి మీద ఉన్న బుల్లెమ్మ చెయ్యి కిందికి దిగింది. ముఖంలో భయం పోయింది. దాని చోట, గుమ్మంలోకి వచ్చిన మనిషిని నిలబెట్టేశామే అన్న నొచ్చుకోలు వచ్చింది. త్రినాథరాజుకి ఆ ముఖం బాగా తెలుసు. గట్టిగా లాగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"మనిషేరా," అందావిడ తమ్ముడితో. తర్వాత గొట్టం వైపు వంగి, ఎప్పటి గొంతుతోనే, "ఉన్నామండి, ఉన్నాం. అయ్యో, ఒక్కరేనా అండి?" అంది.

లాంతర్లన్నీ ఒకేసారి ఆరిపోయాయి.

చేతిలో ఉన్న మణికట్టు తేలికైంది. ఇంకా తేలికైంది... త్రినాథరాజు పిడికిలి బిగించాడు. పిడికిట్లో శాలువా కొస ఉంది.

"అక్కయ్యా!"

నీళ్ళ మీద ఇంజను దగ్గింది. లేచింది. ఆముదం పొగ గొంతు పట్టేసింది. మోత కొసదాకా పరిగెత్తి పైకి లేచి, మంచులో చుట్టు తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడు వెలిగింది త్రినాథరాజు బుర్రలో. ముందు సీటు. అక్కడ మనిషంత బరువు ఉండాలి. తాతగారు మూటకోసం వచ్చారు. మూట లేదు.

ఆయన గట్టు మీద పడి పరిగెత్తాడు. జారిపడ్డాడు, లేచాడు. గండిలోకి దిగి గుండెలోతు నీళ్ళలో మూటని కావలించుకుని లాగాడు. అది ఊడగానే చెరువు చెరువంతా ఆయన మీదుగా కాలువలోకి దూకింది. తెగులు నీళ్ళు కింది రైతులకి పోతాయన్న సంగతి, ఊరు ఏమంటుందన్న సంగతి ఆయనకి గుర్తే రాలేదు. ఇద్దరు మోసిన మూటని ఒక్కడూ భుజానేసుకుని కుర్చీల దగ్గరికి తెచ్చాడు. బుల్లెమ్మ కుర్చీలో కూలేశాడు. అగ్గిపెట్టె తడిసిపోయింది. ఇంట్లోంచి ఇంకోటి తెచ్చి ఒక్కొక్క లాంతరూ వెలిగించుకుంటూ రెండు గట్ల మీదా తిరిగాడు. కొన్నిట్లో నూనె లేదు. ఉన్నవి వెలిగాయి. ఎర్ర లాంతరు వెలిగింది. వచ్చి గొట్టం మీద పడ్డాడు.

"తాతగారూ! మీ మూట ఇదిగోండి! తెచ్చేశానండి! తప్పైపోయింది, అక్కయ్యని దింపేయండి! నాకు ఇంకెవరూ లేరండి!"

జన్మలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదాయన.

నెత్తి మీద మోత కిందికి దిగింది. లాంతర్ల మంటలు వంగాయి. వస్తున్నారు... ఆయన మూటని రెండు చేతులా పట్టుకుని నిలబెట్టాడు. కనపడాలని.

గొట్టంలో గొంతు పలికింది. ఈసారి అందులో దిగులు లేదు. సంతోషంగా, కొంచెం సిగ్గుపడుతూ...

"ఇంక మూట అక్కర్లేదండి."

ఆ గొంతు వెనక, హోరులో, ఇంకో గొంతు. బుల్లెమ్మది. ఏదో చెబుతోంది. మాటలు తెలియడం లేదు గానీ ఆ ధోరణి తెలుస్తోంది. సాయంత్రం పూట కుర్చీలో కూర్చుని చెప్పే ధోరణే. ఆగకుండా చెబుతోంది. మధ్యమధ్యలో తాతగారు "ఆఁ... ఆఁ..." అంటున్నారు.

మంటలు నిటారుగా నిలబడ్డాయి. మోత సముద్రం వైపు పోయింది.

తెల్లారి సత్తియ్య వచ్చేసరికి కాలువ పక్క చెరువు ఖాళీ అయిపోయి ఉంది. బురదలో చచ్చిన రొయ్యల మీద కాకులు వాలుతున్నాయి. గట్టు మీద రాజుగారు ఒక కుర్చీలో కూర్చుని ఉన్నారు. రెండో కుర్చీలో మూట, దాని మీద అమ్మగారి శాలువా. బురదంతా జల్లెడ పట్టారు. కాలువలో మనుషుల్ని దింపి వెతికారు. గండి పూడ్చబోయి కొట్టుకుపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. కింది రైతులు తిట్టడానికి వచ్చి, త్రినాథరాజు ముఖం చూసి తిట్టకుండానే వెళ్ళిపోయారు.

ఆయన ఆ చోటు వదల్లేదు. చెరువులు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. కుర్చీలు మాత్రం గట్టు మీదే ఉన్నాయి. ఇంత కాలం ఉలకని పలకని మనిషి ఇప్పుడు మాట్లాడటం నేర్చుకున్నాడు. సాయంత్రం అవగానే పక్క కుర్చీలో మూటకి శాలువా సర్ది, ఆ పూట ఏం వండుకున్నదీ, ఎవరు వచ్చి వెళ్ళినదీ, సత్తియ్య మనవరాలు ఎన్ని మాటలు నేర్చినదీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చూసినవాళ్ళు పిచ్చెక్కిందన్నారు. ఒంటరితనం పిచ్చి కంటే పెద్ద జబ్బని వాళ్ళకి ఎవరు చెబుతారు?

పుష్యమాసం వచ్చి మంచు కమ్మిన ప్రతి సాయంత్రం ఆయన లాంతర్లు పెట్టేవాడు. రెండు వరసలు, కొసన ఎరుపు.

"వద్దండి రాజుగారూ," అనేవాడు సత్తియ్య, గట్టు దిగువనే నిలబడి. "ఆ దీపాలు మాత్రం వద్దండి. నా మాట వినండి."

"దారి తెలియాలి కదరా," అనేవాడు ఆయన.

మోత వచ్చేది. దిగేది కాదు. నెత్తి మీద ఒక చుట్టు తిరిగేది. గొట్టంలోంచి అక్కయ్య గొంతు వినపడేది.

"ఒరే త్రినాథా...!"

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగేవాడు.

"ఒరే త్రినాథా...!"

అంతే. రెండుసార్లే. మోత వెళ్ళిపోయేది. మూడోది ఏ చలికాలమూ రాలేదు. ఆవిడ పిలవలేక ఆగిపోతోందా, తమ్ముడు పలుకుతాడేమోనని కావాలనే ఆపుకుంటోందా? రెండోదే నిజమని ఆయన నమ్మాడు. నమ్మి, ఏడ్చి, లాంతర్లు తీసి లోపల పెట్టుకునేవాడు. మూడోసారి పిలిస్తే పలుకుతాను, వెళ్ళిపోతాను అని మూటకి చెప్పేవాడు. ఎన్ని సాయంత్రాలు చెప్పాడో.

పోయిన పుష్యమాసంలో మంచు ఎన్నడూ లేనంతగా దిగింది. లాంతరు పక్క లాంతరు కనపడలేదు. ఆముదం వాసన ముందే వచ్చేసింది.

"ఒరే త్రినాథా...!"

ఆయన వంగి కూర్చున్నాడు.

"ఒరే త్రినాథా...!"

మోత వెళ్ళలేదు. ఇంకో చుట్టు తిరిగింది. మంటలు వంగడం మొదలుపెట్టాయి, ఎర్రది ముందుగా... జతజతగా... ఇన్నేళ్ళుగా అడిగిందే వస్తోంది. ఉన్నట్టుండి, ఆయనకి వద్దు అనిపించింది. నిజంగా వద్దనిపించింది. వెళ్ళకూడదు. పలకకూడదు. పళ్ళు బిగించాడు.

"ఒరే త్రినాథా... ఉన్నావురా?"

మూడు.

ఆయన రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. మూసుకునే ఉన్నాడు.

పక్క కుర్చీలోంచి, శాలువా కింద నుంచి, అచ్చం ఆయన గొంతుతోనే, "ఊఁ" అని వినపడింది.